అందిందన్న ఒక్క మాట

"అమ్మా, ఆ డబ్బాలోంచి మా మనవరాలి ఫోటో ఎల్తాదా?"

మొన్నొక ఆదివారం పొద్దున్నే గుమ్మంలో తట్ట దించుతూ మా చేపల పిన్ని అడిగిన ప్రశ్న ఇది. పన్నెండేళ్ళుగా విశాఖపట్నంలో మా వీధికి చేపలు తెస్తోంది. పేరు పెట్టి ఎవరం పిలవం. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ చేపల పిన్నే. కొడుకు మరబోటు మీద వేటకి వెళ్తాడు. వెళ్తే వారం, ఒక్కోసారి పది రోజులు. తీరం దాటి కొంతదూరం పోయాక సెల్‌ఫోను పలకదు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకి మిగిలేది గంగమ్మ తల్లికి మొక్కుకోవడమే.

ఇప్పుడా బోటుకి ప్రభుత్వం వాళ్ళు ఒక పరికరం బిగించారు. ట్రాన్స్‌పాండర్ అంటారు. సెల్‌ టవర్లతో పని లేకుండా నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుంది. దాని ద్వారా చిన్న చిన్న సందేశాలు ఇటూ అటూ పోతాయి. తుఫాను హెచ్చరికలు బోటుకి అందుతాయి. బోటు ఎక్కడుందో ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. ఇలాంటివి లక్ష బోట్లకి దశలవారీగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించారు. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకి కలిపి ఖర్చు దాదాపు 360 కోట్ల రూపాయలు.

"మాట ఇనబడదంట. ఫోటో ఎల్లదంట. ఏవో నాలుగక్షరాలే ఎల్తాయంట. అంత పైకి ఎల్లే యవ్వారం, ఫోటో ఎందుకెల్లదమ్మా? మరీ అంత పిసినారిదా ఆ డబ్బా?" అంది పిన్ని.

నేను నోరు తెరిచి మళ్ళీ మూసేశాను. బి.ఎస్సీ. చదివానన్న మాటేగానీ పెళ్ళయ్యాక ఫిజిక్సుకీ నాకూ చుట్టరికం తెగిపోయింది. పేపర్లో కథలు రాస్తానని వీధిలో నాకో పేరు. అందుకని నాకన్నీ తెలుసని పిన్ని నమ్మకం. "కనుక్కుని చెబుతాలే" అని ఆ రోజుకి గండం గట్టెక్కాను.

మా తమ్ముడు ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. ఫోను చేసి అడిగాను. వాడు నవ్వి, "నువ్వే ఆ డబ్బాలా బతికావు కదక్కా నాలుగు రోజులు! హుద్‌హుద్ మర్చిపోయావా?" అన్నాడు.

మర్చిపోతానా!

ఒక్క గీత చార్జింగు

2014 అక్టోబరు 12, ఆదివారం. మా వారు ఆఫీసు పని మీద హైదరాబాదులో ఉన్నారు. ఇంట్లో నేను, అత్తగారు, రెండేళ్ళ పాప. పొద్దున్నుంచీ గాలి ఇల్లంతా ఊపేసింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. హమ్మయ్య అనుకుని తలుపు తీయబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకు లాగారు. కాసేపటికి గాలి మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదుటి దిక్కునుంచి! హాల్లో కిటికీ అద్దాలు ఒక్కటీ మిగల్లేదు.

కరెంటు పోయింది. ఫోనుకి సిగ్నలు పోయింది. ఎవరైనా చేస్తారేమోనన్న ఆశతో రాత్రంతా ఫోను తెరిచే ఉంచాను. తెల్లారి చూస్తే మూడు గీతల చార్జింగు ఒక్క గీతకి దిగింది. మాట్లాడింది లేదు, పెట్టింది లేదు. టవరు కోసం చీకట్లో వెతికీ వెతికీ అదే అలిసిపోయింది.

అప్పుడొచ్చింది బుద్ధి. ఫోను కట్టేశాను. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి మేడెక్కి ఐదు నిమిషాలు మాత్రం తెరవాలని నియమం పెట్టుకున్నాను. సోమవారం సాయంత్రం మేడ మీద ఒక మూల నిలబడితే కాస్త సిగ్నలు తగిలింది. ఫోను చేసి మాట్లాడితే ఆ ఉన్న గీత కాస్తా పోతుంది. అందుకని మెసేజీ కొట్టాను: "అందరం క్షేమం. కంగారు పడకండి."

పంపడం అయింది. అందిందా? ఆ సంగతి ఎవరు చెప్పాలి?

"అందిందంటావా?" అత్తగారు అడిగారు. "అందే ఉంటుందత్తయ్యా" అన్నాను. గంటకోసారి ఆవిడ అదే అడుగుతారు, గంటకోసారి నేను మేడెక్కి ఫోను తెరుస్తాను. రెండుసార్లన్న నియమం ఎటు పోయిందో! జవాబు లేదు. మళ్ళీ అదే మెసేజీ పంపాను. మళ్ళీ, మళ్ళీ. మంగళవారం మధ్యాహ్నానికి ఫోను ప్రాణం పోయింది.

గురువారం పొద్దున మా వారు రెండు బస్సులు మారి, లారీ ఎక్కి, పడిపోయిన చెట్లు దాటుకుంటూ ఇల్లు చేరారు. పాపని ఎత్తుకున్నారు. కాఫీ తాగుతూ, ఎంతో తెలివైన పని చేసినవారిలా చెప్పారు: "నీ మెసేజీ సోమవారం రాత్రే అందింది. మీరు క్షేమం అని తెలిసిపోయింది కదా. జవాబిస్తే నీ ఫోనులో చార్జింగు ఖర్చవుతుందని నేనే ఇవ్వలేదు!"

అంత గాలివానలో ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. "మీకు తెలిసింది సరే. మీకు తెలిసిందని నాకెలా తెలుస్తుందండీ?" అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

ఆయన పొదుపు వల్ల నా బ్యాటరీ మిగిలిందా? లేదు. ఆ ఒక్క జవాబు వచ్చి ఉంటే నేను ఫోను కట్టేసి హాయిగా కూర్చునేదాన్ని. రాకపోబట్టే పదిసార్లు తెరిచాను, అదే మాట నాలుగుసార్లు పంపాను.

పెళ్ళిపందిట్లో మాటలా

ఇప్పుడు పిన్ని ప్రశ్నకి వద్దాం. తమ్ముడు చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను.

సెల్‌ టవరు మనకి మహా అయితే రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బోటు మీద డబ్బా మాట్లాడే ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే అందే బలం నాలుగో వంతే. మూడు కిలోమీటర్లెక్కడ, 36 వేలెక్కడ? దూరం 12 వేల రెట్లు. అంటే అదే బలంతో మాట్లాడితే అక్కడికి చేరేది 14 కోట్ల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. పాలచుక్క చెరువులో కలిసినట్టన్నమాట.

మరి వినబడాలంటే ఎలా? గట్టిగా అరవడం ఒక మార్గం. కానీ అరవాలంటే కరెంటు కావాలి. నడిసముద్రంలో కరెంటు స్తంభాలుండవు, బ్యాటరీలో ఉన్నదే ఆస్తి. రెండో మార్గం నెమ్మదిగా చెప్పడం. పెళ్ళిపందిట్లో మేళం మోగుతుండగా వియ్యపురాలికి ఏదైనా చెప్పాలంటే ఏం చేస్తాం? ఆగి ఆగి, అక్షరం అక్షరం పలుకుతాం. గబగబా పది వాక్యాలు చెబితే ఒక్కటీ చేరదు. నెమ్మదిగా ఒక్కటి చెబితే చేరుతుంది. ఉపగ్రహంతో మాట్లాడే చిన్న పరికరాల పద్ధతీ అంతే. ఒక్కొక్క అక్షరం మీద కావలసినంత బలం పెట్టాలి కాబట్టి అక్షరాల సంఖ్య తగ్గించుకుంటాయి. వేగం కావాలంటే కరెంటు ఎక్కువ కాలుతుంది. కరెంటు మిగలాలంటే వేగం తగ్గాలి. ఈ తక్కెడ ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది.

లెక్క చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. యంత్రాల భాషలో ప్రతి అక్షరమూ కొన్ని సున్నాలూ ఒకట్లే. ఒక్కో సున్నా లేదా ఒకటిని బిట్ అంటారు. సెల్‌ఫోనులో తెలుగులో "క్షేమం" అని మెసేజీ పెడితే సాధారణంగా 96 బిట్లు అవుతుంది. ఫోనుతో తీసిన ఒక మాదిరి ఫోటో 80 లక్షల బిట్లు! అంటే పిన్ని మనవరాలి ఫోటో ఒక్కటి పంపే ఖర్చుతో కొడుకు 83 వేల సార్లు "క్షేమం" అని చెప్పొచ్చు.

మూడో మార్గం కూడా ఉంది. చెప్పేవాడి గొంతు చిన్నదైతే వినేవాళ్ళ చెవి పెద్దదవ్వాలి. మన మత్స్యకారుల పరికరాల కోసం వాడిన ఉపగ్రహం జీశాట్-6. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచే ఎగిరింది. దాని యాంటెన్నా 6 మీటర్ల వెడల్పు. గొడుగులా మడిచి తీసుకెళ్ళి పైన విప్పారు. అప్పటికి ఇస్రో చేసిన ఉపగ్రహ యాంటెన్నాల్లో అదే పెద్దది. పైన అంత పెద్ద చెవి ఉంది కాబట్టే కింద ఉన్న చిన్న డబ్బా చిన్న గొంతుతో సరిపెట్టుకోగలుగుతోంది. ఇంట్లో కూడా అంతే కదా! వినే మనిషి మనసు పెడితే చెప్పే మనిషి అరవక్కర్లేదు.

మన పొదుపులే

ఇవన్నీ కొత్త విద్యలనుకుంటున్నారా? మనకి తెలియనివి కావు.

2013 జూలైలో మూతబడేదాకా మన దేశంలో టెలిగ్రాం ఉండేది. మాటకింత అని డబ్బులు. మా మామగారు పోస్టాఫీసులో ఫారం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఎనిమిది మాటలని ఐదుకి తెచ్చేవారట. పెళ్ళిళ్ళకి, పండగలకి శుభాకాంక్షల వాక్యాలకి నంబర్లే ఉండేవి. ఇక్కడ నంబరు రాసిస్తే చాలు, అవతలి ఊళ్ళో పూర్తి వాక్యం రాసి ఇచ్చేవారు. 2022 నవంబరులో అమెరికా, కెనడాల్లో కొన్ని కొత్త ఐఫోన్లకి ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే సౌకర్యం వచ్చింది. అందులోనూ ఇదే కిటుకు. ఏమైంది, ఎవరికి దెబ్బ తగిలింది అని ఫోనే ప్రశ్నలడుగుతుంది. జవాబుల్లో ఒకటి తాకితే చాలు. ఆపదలో ఉన్న మనిషి పేరాలు రాయక్కర్లేదు. రాసిన నాలుగు మాటల్నీ కూడా బాగా కుదించి పంపుతుంది.

మా అమ్మదైతే ఇంకా పొదుపు. నేను పుట్టింటి నుంచి బయల్దేరి ఇల్లు చేరగానే ఆవిడకి ఒక్క రింగు ఇచ్చి కట్టేయాలి. క్షేమంగా చేరానని అర్థం. ఆవిడ తిరిగి ఒక్క రింగు ఇచ్చి కట్టేస్తుంది. తెలిసిందని అర్థం. పైసా ఖర్చు లేదు.

ఇక నిద్రపోయి లేచే పొదుపు. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గరికి ఏటా శీతాకాలం ముందు అముర్ డేగలు లక్షల్లో వస్తాయి. 2012లో అక్కడ వాటిని వేలకి వేలు వలలు పన్ని చంపారని తెలిసి దేశమంతా బాధపడింది. మరుసటి ఏడు ఆ ఊళ్ళవాళ్ళే కాపలా కాసి కాపాడారు. 2013లోనే మూడు డేగలకి ఉపగ్రహానికి కబుర్లు పంపే బుల్లి పరికరాలు కట్టి వదిలారు. ఆ ఊళ్ళ గుర్తుగా వాటికి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. ఈ డేగలు మన దేశం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతాయి. పిట్ట బరువే గుప్పెడు. దాని వీపున పెట్టే పరికరం 5 గ్రాములు మించకూడదు. అందులో బ్యాటరీ ఎంతుంటుంది చెప్పండి? ఎండతో చార్జి అవుతుంది. ఇలాంటివి సాధారణంగా 10 గంటలు మాట్లాడి 48 గంటలు నిద్రపోతాయి. నా మేడ మీది ఐదు నిమిషాల నియమమే!

ఒడిశా తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకి 2001లో ఇలాంటివే డిప్ప మీద అతికించారు. సముద్ర తాబేళ్ళకి పెట్టే ఈ పరికరాలకి ఇంకో తెలివి ఉంటుంది. ఉప్పునీళ్ళలో మునిగి ఉన్నంతసేపూ నోరు మెదపవు. నీళ్ళలోంచి సంకేతం బయటికి రాదు కాబట్టి అప్పుడు మాట్లాడితే దండగ. తాబేలు గాలి పీల్చుకోడానికి తల పైకెత్తిన ఆ కాసేపట్లోనే కబురు పంపేస్తాయి. వినేవాళ్ళు లేనప్పుడు మాట్లాడకపోవడం కూడా పొదుపే.

అయితే ఆ పాత పరికరాలకి ఒక లోటు ఉండేది. ఒక వైపే మాట. అవి చెప్పేవేగానీ వినేవి కావు. నెత్తిన ఉపగ్రహం ఉందో లేదో వాటికి తెలియదు, చెప్పింది అందిందో లేదో అసలే తెలియదు. అందుకని అదే కబురు మళ్ళీ మళ్ళీ చెబుతుండేవి. ఎంత కరెంటు వృథా! ఈ కబుర్లు అందుకునే ఆర్గోస్ అనే ఉపగ్రహ వ్యవస్థలో 2006లో కొత్త తరం పరికరం ఒకటి ఎగిరింది. దాంతో తిరుగు జవాబు వచ్చే వీలు కలిగింది. "అందింది" అని వినబడితే చాలు, కింద ఉన్న పరికరం అదే మాట మళ్ళీ చెప్పడం మానేసి పడుకోవచ్చు. జవాబు వినడానికీ కొంత కరెంటు కాలుతుంది, నిజమే. కానీ దానివల్ల మిగిలేది అంతకన్నా ఎక్కువ.

ఇది విన్నప్పుడు మా వారిని ఫోను దగ్గరికి పిలిచి, తమ్ముడి చేత ఇంకోసారి చెప్పించాను. పదకొండేళ్ళ తర్వాతైనా న్యాయం జరగాలి కదా!

2,500 కోట్ల కిలోమీటర్ల అవతల

తమ్ముడు చెప్పిన వాటిలో ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి ఉంది. అది బోటు కాదు, పిట్ట కాదు. మనిషి చేసిన వస్తువుల్లో మనకి అన్నిటికన్నా దూరంగా ఉన్న వాయేజర్-1.

1977లో బయల్దేరింది. నేనింకా పుట్టనైనా లేదు. 2025 నాటికి 2,500 కోట్ల కిలోమీటర్లు దాటింది. అక్కడి నుంచి ఒక కబురు రావడానికి సుమారు 23 గంటలు. దాని గొంతు ఎంతనుకున్నారు? 23 వాట్లు. ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బల్బంత! 1979లో గురుగ్రహం దగ్గర ఉన్నప్పుడు సెకనుకి 1,15,200 బిట్లు పంపింది. ఇంత దూరం పోయాక మామూలుగా సెకనుకి 160 బిట్లు. ఆ వేగంతో పిన్ని మనవరాలి ఫోటో పంపాలంటే దాదాపు 14 గంటలు పడుతుంది.

బయల్దేరినప్పుడు దానికి దాదాపు 470 వాట్ల కరెంటు ఉండేది. ఏటా 4 వాట్ల చొప్పున తరిగిపోతోంది. పెన్షను మీద బతికే ఇల్లులా, ఏది ఉంచాలి, ఏది ఆపాలి అని ఇంజనీర్లు ఏళ్ళ తరబడి లెక్కలు వేస్తూనే ఉన్నారు. 1990 ఫిబ్రవరి 14న మన భూమిని చిన్న నీలి చుక్కలా ఫోటో తీశాక, ఇక తీయడానికి దగ్గర్లో ఏమీ లేదని కెమెరాలు ఆపేశారు. తర్వాత కొన్ని హీటర్లు ఆపారు. ఒక్కొక్క పరికరమే ఆపుతూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో విశ్వకిరణాలని కొలిచే పరికరం వంతు వచ్చింది.

2024 అక్టోబరు 16న ఒక హీటరు వెలిగించమని దానికి ఆజ్ఞ పంపారు. జవాబు రావాల్సింది 18న. రాలేదు! ఇక్కడ ఇంజనీర్ల పరిస్థితి మా మేడ మీద మా అత్తగారి పరిస్థితే. వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, ఏదో తేడా వచ్చిందని వాయేజర్ తనంతట తానే జాగ్రత్తపడింది. కరెంటు మిగుల్చుకోడానికి మాట్లాడే వేగం తగ్గించేసుకుంది. మాట తీరు మారేసరికి కింద వినేవాళ్ళు పోల్చుకోలేకపోయారు. దొరికింది కదా అనుకునేసరికి మర్నాడు మళ్ళీ మాయం. ఈసారి పెద్ద ట్రాన్స్‌మిటరే కట్టేసుకుని, తక్కువ కరెంటుతో నడిచే రెండోదాన్ని తెరిచింది. ఆ రెండోది 1981 తర్వాత వాడిందే లేదు. అంత బక్క గొంతు అంత దూరం నుంచి వినబడుతుందా అని అందరికీ అనుమానం. అయినా చెవులు రిక్కించారు. వినబడింది! నవంబరులో మళ్ళీ పెద్ద ట్రాన్స్‌మిటరుకి మార్చారు.

నేను ఆలోచిస్తూ పడుకున్నాను. అన్నీ ఆపుకుంటూ వచ్చిన ఆ యంత్రం గొంతు తగ్గించుకుందిగానీ పూర్తిగా మూసుకోలేదు. ఇక్కడివాళ్ళు కూడా కెమెరాలు ఆపారు, వేడి ఆపారు, కొలతలు ఆపారు. ట్రాన్స్‌మిటరు జోలికి మాత్రం పోలేదు. అది ఆగితే మిగతావన్నీ ఉన్నా లేనట్టే కదా.

మరి మనం? ఇంట్లో పొదుపు మొదలుపెడితే మొదట ఏం ఆపుతాం? అక్కకి ఫోను చేయడం ఆపుతాం. స్నేహితురాలికి రాయడం ఆపుతాం. ఒంట్లో బాగాలేదని చెప్పడం ఆపుతాం. "ఇప్పుడు ఆయన్నెందుకు విసిగించడం" అని మాటే ఆపుతాం. పాప పుట్టాక నేను నాలుగేళ్ళు ఒక్క కథ రాయలేదు. టైము మిగులుతుందనుకున్నాను. మిగిలిన ఆ టైముతో ఏం చేశానో ఇప్పటికీ నాకు గుర్తు రాదు.

"రోజుకొక్కసారి సాలు"

తర్వాతి ఆదివారం పిన్ని వచ్చింది. తట్ట దించాక చాప వేసి కూర్చోబెట్టాను. "ఫోటో ఒక్కటి పంపే ఖర్చుతో నీ కొడుకు ఎనభై మూడు వేల సార్లు క్షేమం అని చెప్పొచ్చట పిన్నీ" అన్నాను.

పిన్ని కాసేపు ఆలోచించింది. "అన్నిసార్లెందుకమ్మా? రోజుకొక్కసారి సెప్తే సాలు" అంది.

తర్వాత తనే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇంతకుముందు కొన్ని బోట్లలో ఆపదొస్తే నొక్కే డబ్బా ఒకటి ఉండేదట. నొక్కినవాడికి ఒడ్డున ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదట. "నొక్కినోడు నీల్లలో ఏలాడతా ఏటనుకోవాలమ్మా? ఎవులైనా వత్తన్నారనుకోవాలా, నేదనుకోవాలా?"

పిన్ని చెప్పింది నిజమే. ఇస్రో 2010 నుంచి మత్స్యకారుల కోసం ఇస్తున్న ఆపద హెచ్చరిక పరికరాలు అవి. 20 వేలకి పైగా వాడకంలోకి వచ్చాయి. మీట నొక్కితే బోటు ఎక్కడుందో, ఏం ఆపదో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి చేరేది. అక్కడినుంచి కోస్ట్‌గార్డు వాళ్ళు బయల్దేరేవారు. ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు. కానీ నొక్కినవాడికి తిరిగి మాట వచ్చే దారి లేదు. 2024 జనవరిలో దాని రెండో తరం వచ్చింది. అందులో ముఖ్యమైన మార్పేమిటో తెలుసా? ఒడ్డునుంచి బోటుకి జవాబు వస్తుంది. నీ కేక అందింది అని. ఇంకా పడవ రాలేదు, తాడు వేయలేదు. అయినా ఆ ఒక్క మాటతో మునిగేవాడు ఇంకో గంట ఈదగలడు. శాస్త్రవేత్తలు కరెంటునీ బిట్లనీ పిసినారుల్లా లెక్కపెట్టే మనుషులు. వాళ్ళే ఆ మాట కోసం ఖర్చు పెట్టారంటే దాని విలువ ఊహించండి.

"పోయినేడు వాయుగుండం పట్టినప్పుడు మా గుంటడు గంగ మీదున్నాడమ్మా" అంది పిన్ని. "ఓనరు డబ్బాకి మెసేజీ కొట్టాడంట, తిరిగొచ్చేయండని. కాసేపటికి ఆల్ల కాడినుంచి వచ్చింది. అందింది, వత్తన్నాం అని. అంతే. మల్లీ ఏ కబురూ నేదు. తెల్లారి మూడోనాడు ఒడ్డుకొచ్చారు. కానీ నాను ఆ రాత్రే పడుకున్నానమ్మా. కోడలు కూడా పడుకుంది. మా అత్త కాలంలో ఇలాటి గాలికి ఆడోల్లంతా ఒడ్డున కూకుని తెల్లార్లూ ఏడిసేవోల్లు."

రెండు మాటలు. ఒక ఫోటోలో పదివేలో వంతు కూడా ఉండవేమో. ఒక ఇంట్లో ఇద్దరాడవాళ్ళు నిద్రపోవడానికి సరిపోయాయి.

పిన్ని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాక ఫోను చూసుకున్నాను. పొద్దున మా అమ్మ పెట్టిన మెసేజీ ఉంది. మందులు వేసుకున్నానని. రోజూ పెడుతుంది. రోజూ చదువుతాను. చదివాను కదా, తెలిసింది కదా అని ఊరుకుంటాను. హుద్‌హుద్‌లో మా వారు చేసిన పనే, పదకొండేళ్ళుగా నేను మా అమ్మకి చేస్తున్నాను!

"అందిందమ్మా" అని కొట్టాను. అర నిమిషం పట్టలేదు. ఆవిడ నుంచి ఒక్క రింగు వచ్చి ఆగిపోయింది.

మీ ఫోన్లలోనూ ఇలాంటివి ఒకటో రెండో ఉండే ఉంటాయి. చదివేసి ఊరుకున్నవి. ఈ పేజీ మడిచి పక్కన పెట్టేముందు ఒకసారి చూసుకోండి.